ఒడ్డున ఎర్రగుడ్డ

మహాలక్ష్మమ్మ పోయిన రోజు భావనపాడు నుంచి వేట పడవలు ఎప్పటిలాగే చీకటితోనే వెళ్ళాయి. ఆమె పొయ్యి అంటించి, గంజి కుండ ఎక్కించి, గుండె పట్టుకుని గుమ్మంలో కూర్చుంది. మళ్ళీ లేవలేదు. కొడుకు శ్రీను ఎస్టీడీ బూతు నుంచి చెల్లెలు అనిత ఆఫీసుకు ఫోను చేశాడు. సాయంత్రం దాకా చూసి, వాన ముంచుకొస్తుంటే దహనం చేసేశారు. అనిత పలాసలో రైలు దిగి ఇల్లు చేరేసరికి మరునాడైంది.

పదకొండో రోజు భోజనాలయ్యాయి. చుట్టాలు వెళ్ళిపోయారు. విస్తళ్ళు పారేసి వచ్చి శ్రీను చెల్లెలి ఎదుట నిలబడ్డాడు.

“ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. నాను ఫోను సేసినపుడు నీకు సెప్పారా, నేదా?”

“సెప్పారు.”

“మరి లేవలేదేటి? నువ్వేటి ఇమానం తోల్తన్నావా?”

“తోలను అన్నా. తోలేవోళ్ళకి దారి సెప్తాను.”

“దారి సెప్పడానికి నువ్వొక్కదానివేనేటి? ఊరంతా గొడ్డుపోయిందా?”

అనిత పనిచేసేది దూరపు నగరంలో, విమానాశ్రయం కంట్రోల్ గదిలో. దూరాన ఉన్న ఆకాశంలో కొన్నిచోట్ల విమానాలకు సమాచారం ఇస్తే సరిపోతుంది. విమానాశ్రయం చుట్టూ ఉన్న ఆకాశంలో సరిపోదు. దానికి హద్దు ఉంది. కంట్రోలరు మాట లేకుండా ఏ విమానమూ ఆ హద్దు దాటి రాకూడదు. వచ్చినవాటి మధ్య ఎడం చూడవలసింది కుర్చీలో ఉన్నవారే. లేవాలంటే మరొకరు వచ్చి, పక్కన కూర్చుని కాసేపు విని, పని అప్పగించుకోవాలి.

“పక్క కుర్చీ ఏడాదిగా ఖాళీయే,” అంది అనిత. “ఇద్దరి పని నానే సేత్తన్నాను. ఆ పొద్దు అక్కడ గాలివాన. దిగలేక ఇమానాలు పైన సుట్లు తిరుగుతున్నాయి. పెద్దాఫీసరు వొచ్చి సెవిలో సెప్పారు. అప్పగిద్దామంటే మనిషి లేడు. మనిషొచ్చేసరికి రైలెళ్ళిపోయింది.”

“మనుసులు సాలరని మీవోళ్ళకి సెప్పుకోరా?”

“సెప్పినపుడల్లా సూత్తామంటారు.”

“సూత్తారు! ఈలోగా నువ్వక్కడ కూకో. దారినపోయేవోళ్ళు నీకు అమ్మకన్నా ఎక్కువైపోయారు.”

“ఆళ్ళలో అమ్మలు లేరేటి?” అంది అనిత.

తండ్రి కూర్మయ్య దండెం మీది ఎర్రగుడ్డ వైపు చూస్తూ కూర్చున్నాడు. అతను వేటకు వెళ్ళే రోజుల్లో, సముద్రం పోటుమీద ఉంటే, మహాలక్ష్మమ్మ ఒడ్డున నిలబడి ఆ గుడ్డ పట్టుకునేది. పైకెత్తితే పడవ ఆగాలి. దించితే అల విరిగిందని, ఒడ్డుకు రావచ్చని.

“ఊరుకో సీనా,” అన్నాడు. “మీ తాత పోయాడని కబురొచ్చినపుడు మీయమ్మ ఒడ్డునుంది. నాను అలలవతల ఉన్నాను. కబురు తెచ్చినోడు రెక్కట్టుకు లాగినాడు. గుడ్డ పట్టడానికి ఇంకొకలు లేరు. అది కదల్లేదు. నాను దిగినాకే ఏడిసింది. తనయ్య మొకం సూణ్ణేదు.”

“నాకెప్పుడూ సెప్పలేదయ్యా,” అన్నాడు శ్రీను.

“సెప్పుకోడానికేటుంది అందులో?” కూర్మయ్య కూతురి వైపు తిరిగాడు. “నీమీద కోపం పోలేదమ్మా. దహనందాకా నీకోసం గుమ్మం కాసినాను. కానీ, లేచి రావలసిందని మాత్రం అన్లేను.”

శ్రీను లోపలికి వెళ్ళి కంచంలో అన్నం పెట్టుకొచ్చాడు.

“తిను. పొద్దుట్నించీ ఏటీ తిన్నేదు.”

కంచం ఒళ్ళో పెట్టుకుని, ఇల్లు చేరాక మొదటిసారి, అనిత గట్టిగా ఏడ్చింది.

మరుసటి వారం ఆమె డ్యూటీలో చేరింది. పక్క కుర్చీలోకి ఇంకా ఎవరినీ వేయలేదు.