కిటికీ మీద ఒక మాట

పొయ్యి మీద బీన్స్ ఉడుకుతుండగా వంటింట్లోకి రంగు వాసన వచ్చింది. మారిక్రూస్‌ పుస్తకంలోంచి తలెత్తింది. శనివారం నోటరీ లైసెన్సు పరీక్ష. కొన్నాళ్లుగా ఆమె ఒక చేత్తో టార్టియా రొట్టెలు కాలుస్తూ, పక్కన పుస్తకం తెరిచి పెట్టుకుని చదువుతోంది. భర్త ఎఫ్రాయిన్ కాఫీ తాగుతూ ప్రశ్నలు అడిగేవాడు. ఇవాళ అతని కుర్చీ ఖాళీగా ఉంది.

ముందు గదిలోకి వెళ్లి చూసింది. వీధి వైపు కిటికీ అద్దం మీద పెద్ద పెద్ద బంగారు రంగు అక్షరాలు: 'నోటారియో మారిక్రూస్'. ఎఫ్రాయిన్ నిచ్చెన దిగుతూ పళ్లికిలించాడు.

"ఎలా ఉంది నోటారియో గారూ? పొలంలో లెట్యూస్ ఆకులు కోసే నా చేతులు ఎంత బాగా రాశాయో చూడు!"

"చెరిపెయ్."

"ఇంకా ఆరనేలేదే!"

"అందుకే. ఆరకముందే చెరిపెయ్."

అత్తగారు, వీధిలో అందరూ మర్యాదగా దోన్యా చాయో అని పిలిచే మనిషి, జపమాల చేతికి చుట్టుకుని లోపలినుంచి వచ్చింది. "ఏమిటే తల్లీ, పొద్దున్నే ఆ మొహం? పచ్చి నిమ్మకాయ కొరికినట్టు?"

"అత్తయ్యా, ఈ మాట రాయకూడదు. ఇక్కడి చట్టం ఒప్పుకోదు. పరీక్షలో అడుగుతారు కూడా. మన మెక్సికోలో నోటారియో అంటే లాయర్లకే లాయరు. సరిహద్దు దాటి వచ్చిన ఈ దేశంలో నేనెవర్ని? సంతకం పెట్టే మనిషి ఎవరో చూసుకుని ముద్ర వేస్తాను. అంతే. ఈ మాట చూస్తే జనం నన్ను లాయరనుకుంటారు."

"అనుకోనీ. అనుకుంటే నీదేం పోయింది? ఆదివారం చర్చిలో పూజయ్యాక అందరికీ చెప్పాను. పాద్రీ గారితో కూడా చెప్పాను."

రోజూ మోకాళ్ల మీద ప్రార్థన చేసే మనిషికి ఈ ఆశేమిటో మారిక్రూస్‌కి అర్థం కాలేదు. దేవుడి ముందు అంత తగ్గి ఉండేవాళ్లకి సాటి మనుషుల ముందు పెద్దగా కనబడాలని ఎందుకుంటుంది?

అంతలో తలుపు చప్పుడైంది. పక్క వీధి దోన్ ఎవరార్దో. ఒక చేతిలో మొక్కజొన్న పిండితో ఆవిరి మీద ఉడికించిన తమాలే పళ్లెం, చంకలో ప్లాస్టిక్ సంచి. పళ్లెం బల్ల మీద పెట్టి, టోపీ తీసి, మారిక్రూస్ చెయ్యందుకుని ముద్దుపెట్టుకున్నాడు. తడి పెదవులు వేళ్లకి తగలగానే ఆమె ఒళ్లు జలదరించింది. తన తండ్రి వయసు మనిషి.

"నోటారియో గారూ, మా ఆవిడ కాగితాలు. వలస కోర్టు వాళ్లు పిలిచారు. ఏం రాయాలో మీరే రాసిపెట్టండి. మీ అత్తగారి మాట మీద నిన్ననే లాయరుని వద్దనేశాను."

మారిక్రూస్ ఆ సంచి అందుకోలేదు. "వరండాలో కాసేపు కూర్చోండి దోన్ ఎవరార్దో" అని ఆయన్ని పంపి, తలుపు మూసి, తిన్నగా సింకు దగ్గరికెళ్లి సబ్బుతో చెయ్యి కడుక్కుంది. కడిగినా పోనట్టే ఉంది.

"విన్నారా? ఆయన లాయరుని మాన్పించేశాడు! రేపు వాళ్లావిణ్ని సరిహద్దు దాటించి పంపేస్తే ఎవరిది పాపం? మీ చెల్లెలి మొగుణ్ణి వెనక్కి పంపింది ఏ తప్పుడు కాగితాలు చూసి అత్తయ్యా? అవి రాసినవాడి కిటికీ మీదా ఇదే మాట, ఇదే బంగారు రంగు. నాకు రోత పుడుతోంది. మిమ్మల్ని చూస్తుంటే రోత పుడుతోంది!"

"అమ్మని అంత మాటంటావా?" అన్నాడు ఎఫ్రాయిన్. "మేం నీ గొప్ప కోసమే కదా..."

"నా గొప్పా? పరీక్షే రాయలేదు, అప్పుడే జనం చేత నా చేతులు నాకిస్తున్నారు!"

దోన్యా చాయో కుర్చీలో కూలబడింది. "నీకేం తెలుసే" అంది. "ఎఫ్రాయిన్ కడుపులో ఉండగా వాళ్ల నాన్న పోయాడు. మా మరిది నన్ను నోటారియో దగ్గరికి తీసుకెళ్లాడు. పొద్దుటి నుంచీ వాకిట్లో నిలబెట్టారు. లోపల ఆయన బొప్పాయి తింటున్నాడు, రసం గడ్డం మీదుగా కారుతోంది. గుమాస్తా వచ్చి నా బొటనవేలు పట్టుకుని సిరాలో ముంచి నొక్కాడు. బయటికొచ్చేసరికి మా ఆయన మొక్కజొన్న చేను మా మరిదిదైంది. ఆ వేళే అనుకున్నాను, ఆ కుర్చీలో ఒక్కసారి మావాళ్లు కూర్చోవాలని."

ఎఫ్రాయిన్ తల్లి వంక నోరు తెరిచి చూస్తున్నాడు. అతనికీ ఈ సంగతి కొత్తే. మారిక్రూస్‌ రోత తగ్గలేదు గాని, ఇప్పుడు కళ్ల ముందున్నది ఆ బొప్పాయి రసం కారే గడ్డం.

"ఆయన మీ ముఖం చూడలేదా అత్తయ్యా?"

"ముఖమా! పండు మీంచి చూపు తిప్పితేగా."

"ఇక్కడ అలా చేస్తే లైసెన్సు పీకేస్తారు. మనిషి నా ఎదురుగా ఉండాలి. ముఖం చూడాలి, పేరు అడగాలి. ఎవరైనా బలవంతంగా తెచ్చారేమో కనుక్కోవాలి. నా పని అదే."

"అంతేనా?"

"అంతే."

దోన్యా చాయో జపమాల బల్ల మీద పెట్టింది. తర్వాత లేచి వరండా తలుపు తీసింది.

"ఒరే ఎవరార్దో, లే. మా అమ్మాయి నోటారియో కాదు, లాయరు అసలే కాదు. నేనే గొప్పలు చెప్పుకున్నాను. ఆ లాయరుకి ఫోన్ చెయ్యి. రేపు కాదు, ఇప్పుడే, నా ఎదురుగా. తమాలే పట్టుకుపో... సరే, తెచ్చావు కాబట్టి ఉంచు."

బయట ఎవరార్దో ఫోన్లో లాయరుని బతిమాలుకోవడం, అటువైపు సరేనన్నాక గట్టిగా ఊపిరి వదలడం వినిపించాయి. ఎఫ్రాయిన్ పాత చొక్కా తడిపి అద్దం రుద్దడం మొదలెట్టాడు.

అత్తగారు వచ్చి కోడలికి ఎదురుగా కూర్చుంది. "వాడికి పనుంది. ఇవాళ నాతో చదువుకో. నేనేదో సంతకానికి వచ్చాననుకో. అడుగు."

మారిక్రూస్ ఆమె ముఖంలోకి చూసింది. ఎండకి కాగిన చర్మం, పొర కమ్ముతున్న ఎడమ కన్ను. ఇన్నేళ్లూ ఒకే ఇంట్లో ఉండి ఇంత నిదానంగా చూడలేదు.

"మీ పేరు?"

"మరియా దెల్ రోసారియో." అందరూ పిలిచే ముద్దుపేరు చాయో కాదు, అసలు పేరు, పుట్టింటి పేరు కూడా కలిపి చెప్పింది.

"ఇక్కడికి మీ ఇష్టంతోనే వచ్చారా?"

ముసలామె ఆనాడు సిరాలో ముంచిన బొటనవేలు గుప్పిట్లో దాచుకుంది.

"లేదమ్మా" అంది. "నా ఇష్టంతో రాలేదు."

మారిక్రూస్ బల్ల మీదుగా వంగి ఆ గుప్పిటను రెండు చేతుల్లోకి తీసుకుంది.

"అయితే నేను ముద్ర వెయ్యను అత్తయ్యా."