కిటికీ తెరుచుకోని గది

పెనం మీద జొన్నరొట్టె పొంగుతోంది కానీ ఉరుకుందమ్మ కళ్ళు కూతురి చేతిలోని ఫోను మీదే ఉన్నాయి. భువన గడపలో కూర్చుని, తడి జుట్టు వీపు మీద ఆరబోసుకుని, బొంబాయిలో రెండు రాత్రులు ఉండడానికి గది వెతుకుతోంది.

"మా, ఇది సూడు. ఆసుపత్రికి దగ్గర. ఇచ్చిన దుడ్లకు మంచి గది అని శానామంది రాసినారు."

"ఎవురు రాసినారు? మనోళ్ళా?"

"మనోళ్ళు యాడుంటారు మా? ఆడ దిగినోళ్ళు రాసినారు."

"దిగి బతికినోళ్ళు రాసింటారు. ఏమన్నా అయినోళ్ళు యాడ రాస్తారు?"

భువన పకపకా నవ్వింది. ఉరుకుందమ్మకు మాత్రం నవ్వు రాలేదు. ఆమె నిజంగానే అడిగింది. ఈలోగా పెనం మీద రొట్టె మాడింది. దాన్ని తన పళ్ళెంలోకి తోసుకుని, మంచిది కూతురికి తీసిపెట్టింది.

కర్నూలులో నర్సు చదువు ముగించి, ఆదోనిలో ఒక చిన్న ఆసుపత్రిలో పనిచేస్తున్న భువనకు బొంబాయిలో పెద్ద ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. కాగితాలన్నీ చూసి చేర్చుకున్నాకే హాస్టల్లో మంచం ఇస్తామన్నారు. అంతవరకూ బయట ఉండక తప్పదు. తండ్రి మారెన్నకు పత్తి మిల్లులో సెలవు దొరకలేదు. దొరికినా అంత ఊరు చూసి తను ఏం తేల్చగలనని అతని అనుమానం. అందుకే భార్యకు ఒక మాట చెప్పాడు.

"నువ్వు కూడా పొయ్యి సూసి రా. పిల్ల ఉండొచ్చంటే ఉండనీ. వద్దంటే పిల్చుకొని రా. నీ మాటే మాట."

ఆ మాట విన్నప్పటి నుంచి భువనకు తల్లి ముఖం చూస్తేనే గుబులు. ఉరుకుందమ్మకు నిద్రే లేదు.

పెళ్ళికి ముందు ఆమె ఒకసారి సుగ్గికి పోయింది. ఇక్కడ వానలు లేని ఏడు ఊరంతా మూటాముల్లే సర్దుకుని గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోయేవాళ్ళు. చేలోనే గుడారాలు. ఒక సాయంత్రం నాన్న అంగడికి పోయినప్పుడు చెల్లెల్ని పాము కరిచింది. ఉరుకుందమ్మ గొంతు చిరిగేలా అరిచింది. దూరంగా ఊళ్ళో దీపాలు కనిపిస్తూనే ఉన్నాయి. ఒక్క దీపమైనా కదల్లేదు. నాన్న బండి తెచ్చేసరికి చెల్లెలు చల్లబడిపోయింది. ఊరు గాని ఊరంటే ఉరుకుందమ్మకు ఈనాటికీ ఆ కదలని దీపాలే.

ఆదోనిలో రైలెక్కి బొంబాయిలో దిగి, హోటలుకు చేరి, ఒక రాత్రికి ఎంతో వినగానే ఆమె మూట అక్కడే దించేసింది.

"ఆ దుడ్లకు ఆదోనిలో నెల బాడుగకు ఇల్లే వస్తాది కదే!"

"ఇది బొంబాయి మా. ఈడ ఇదే తక్కువ."

తలుపు తెరిస్తే మోకాలికి మంచం తగిలింది. మంచానికి అటు ఒక గోడ, ఇటు ఒక గోడ. పెట్టె కింద పెడితే నడవడానికి చోటు లేదు, చోటు చేసుకుంటే పెట్టెకు లేదు.

"మన ఎద్దుల కొట్టం దీనికన్నా ఇశాలంగా ఉంటాది," అంది ఉరుకుందమ్మ.

"ఎద్దులకు ఏసీ లేదు కదా?"

"ఎగతాళి చేస్తావేమే!"

గోడకున్న సందులో కార్డు పెట్టి ఉంది. ఇదే తాళంచెవి అని భువన చెప్పగానే, తాళంచెవిని ఎవరైనా గోడకు వదిలిపెడతారా అనుకుని ఉరుకుందమ్మ దాన్ని లాగి రవికెలో దాచుకుంది. ఆ క్షణమే దీపాలూ ఏసీ అన్నీ ఆరిపోయాయి. ఆమె కెవ్వుమంది. భువన చీకట్లో నవ్వుతూ చేయి చాచింది.

"ఇయ్యి మా. అది ఉంటేనే కరెంటు."

దీపాలు వెలిగాక ఇంకో ఘోరం బయటపడింది. స్నానాల గదికి, మంచానికి మధ్య గోడ లేదు, అద్దం ఉంది. అవతల నిలబడిన మనిషి ఆకారం ఇటువైపుకు తెలుస్తోంది. ఉరుకుందమ్మ మూటలోంచి పాత చీర తీసి, అద్దం నిండా కప్పి, కొసలు పైన దోపింది. తరువాత కిటికీ తెర లాగింది. మందపాటి అద్దం. దానికి గొళ్ళెం లేదు. చేయి చాపితే తగిలేంత దగ్గరలో పక్క భవనం గోడ, దాని మీద ఒక పావురం.

"ఇది తెరుచుకోదా?"

"ఏసీ ఉండాది కదమా. తెరిచే పనేముంది?"

"ఏసీ పోతే?"

"పోదు."

"పోతే?"

భువన పెట్టె మంచం మీదికి ఎత్తింది. తల్లి వెతుకుతున్నది గాలి కోసం కాదని ఆ పిల్లకు తెలుసు.

దుప్పటి తెల్లగా ఉంది. తలగడ వాసన చూస్తే ఎండలో ఆరిన బట్టలా ఉంది. కుళాయి తిప్పగానే వేడినీళ్ళు వచ్చాయి. ఇవన్నీ ఉరుకుందమ్మ గమనించింది. ఒప్పుకోవడానికి నోరు రాలేదు. ఒప్పుకుంటే కూతుర్ని వదిలిపెట్టాల్సి వస్తుంది.

తల్లి మూటలోంచి బట్టలు తీస్తుంటే భువన చేతికి కాగితం పొట్లం తగిలింది. విప్పి చూసింది. రాళ్ళుప్పు, ఎండుమిరపకాయలు, కర్పూరం.

"మా, ఈడ పొయ్యి లేదు. దిష్టి తీసేది గీసేది ఏం పెట్టుకోవద్దు. తెలుసా?"

"ఊ," అంది ఉరుకుందమ్మ.

తెల్లవారింది. ఉద్యోగంలో చేరే రోజు. భువన ఇంకా నిద్రలోనే ఉంది, తలగడ మీద చెంప ఆనించి. నిన్న లిఫ్టులో ఎంతమంది చూశారో ఈ ముఖాన్ని! ఉరుకుందమ్మ లేచి, గుప్పిట్లో ఉప్పూ మిరపకాయలూ పట్టుకుని, కూతురి చుట్టూ తిప్పింది. ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, రైలు దిష్టి, లిఫ్టు దిష్టి అని పెదాలతోనే అనుకుంది. తిప్పినదాన్ని అట్టే పెట్టుకోకూడదు, కాల్చాల్సిందే. భువన స్నానానికి వెళ్ళి నీళ్ళు వదిలిన చప్పుడు వినగానే, రొట్టెల డబ్బా మూత నేలమీద పెట్టి కర్పూరం వెలిగించింది.

ఉప్పు చిటపటలాడింది. మిరపకాయలు నల్లబడ్డాయి. ఊళ్ళో అయితే పొగ పొయ్యిగూటిలోంచి పైకి పోతుంది. ఇక్కడ పోవడానికి దారి లేదు. గదంతా సుళ్ళు తిరిగి, వచ్చి ఆమె గొంతులోనే దూరింది. దగ్గుతోనే ఆమెకు సంతోషం కూడా కలిగింది. దిష్టి ఉంటే ఘాటు రాదు. ఇంత ఘాటు వచ్చిందంటే పిల్లకు ఏ దిష్టీ తగల్లేదన్నమాట.

అప్పుడే నెత్తిమీద, పైకప్పుకు ఉన్న తెల్లటి డబ్బీ కీచుమని అరవడం మొదలుపెట్టింది. దానికి జవాబుగా బయట వరండాలో గంటలు మోగాయి. ఉరుకుందమ్మ పైటతో విసిరింది. కిటికీ అద్దాన్ని గుద్దింది. పావురం ఎగిరిపోయింది కానీ అద్దం కదల్లేదు. తలుపు దగ్గరికి పోతే ఏది తిప్పాలో, ఏది నొక్కాలో తెలియలేదు.

"పాపా!" అంది. దగ్గులో ఆ మాట ఆమెకే వినిపించలేదు.

తలుపు దానంతటదే తెరుచుకుంది. కాదు, బయటి నుంచి ఎవరో తమ కార్డుతో తెరిచారు. హోటలు మేనేజరు ముందు, అతని వెనక పక్క గదుల వాళ్ళు. ఒకతను దుప్పటి లాగి మూత మీద వేసి తొక్కాడు. ఒకామె తడి తువ్వాలు ఉరుకుందమ్మ ముఖానికి అద్ది, చీర వేలాడుతున్న అద్దాన్ని రెండు చేతులతో బాదింది. "బేటీ! బాహర్ ఆవ్, బేటీ!" భువన నైటీలో, నురగ కారే జుట్టుతో బయటికి వస్తే ఆమె తన శాలువా తీసి భుజాల మీద కప్పింది. అందరూ మెట్లమీదుగా కిందికి నడిచారు, దగ్గుతూ, తుమ్ముతూ, కళ్ళు తుడుచుకుంటూ.

కింద, వచ్చేపోయేవాళ్ళు కూర్చునే చోట హోటలు మొత్తం నిలబడి ఉంది. చేతికి సెలైన్ సూది అతికించి ఉన్న ఒక పెద్దాయనను ఇద్దరు కుర్చీతో సహా దింపారు. అక్కడ దిగినవాళ్ళలో ఎక్కువమంది ఆసుపత్రి పని మీద వచ్చినవాళ్ళే.

మేనేజరు డబ్బా మూత పట్టుకుని దిగాడు. మాడిన మిరపకాయల వంక, ఉరుకుందమ్మ వంక చూశాడు.

"యా ఊరమ్మా మీది?" తెలుగులో అడిగాడు.

"కోసిగి పక్కన, సామీ."

"నాది రాయచూరు. పేరు దేవేంద్రప్ప. మెట్ల కాడ వాసనకే అనుకున్నా, ఇదేదో మన పక్క పనే అని." నెత్తి కొట్టుకున్నాడు. "మా అవ్వ గూడా తీస్తాది తల్లీ. పొయ్యిలో ఏస్తాది. ఓటలు గదిలో ఎవురన్నా ఏస్తారా?"

ఇంకెవరికీ భాష అర్థం కాలేదు కానీ అతని చేతి ఊపు చూసి ఒకరిద్దరు నవ్వారు. భువన నవ్వలేదు. తల్లిని చేయి పట్టుకుని మూలకు తీసుకుపోయింది.

"వద్దని చెప్పినా కదా మా?"

"నీకోసమే కదే..."

"నాకోసమా? పో, నాయనకు ఫోన్ చేసి చెప్పు. ఈ ఊరు బాగలేదని చెప్పు. దానికే కదా వచ్చినావు! కార్డు బాగలేదు, అద్దం బాగలేదు, కిటికీ బాగలేదు. నువ్వు గదిని సూసేకి రాలేదు మా. నన్ను ఎనక్కి పిల్చుకపోయేకి సాకు ఎతికేకి వచ్చినావు."

"అట్లంటావేమే? నీకేమన్నా అయితే..."

"నేను సచ్చిపోతానని దినామూ అనుకుంటావు. బతుకుతానని ఒక్క దినమన్నా అనుకో మా!"

జుట్టులోంచి నురగ కారి భువన కళ్ళలో పడింది. ఆ పిల్ల ఏడుస్తోందో, సబ్బు మండుతోందో తెలియకుండా ఉంది. ఉరుకుందమ్మ పైటకొంగు ఎత్తబోయింది. భువన ముఖం తిప్పుకుంది. కొంగు గాల్లోనే ఆగిపోయింది.

శాలువా కప్పిన ఆవిడ దగ్గరికి వచ్చింది. పిల్ల బాగానే ఉందా అని హిందీలో అడిగింది. ఊళ్ళో పక్కింటి బీబమ్మతో ఇరవై ఏళ్ళుగా ఉర్దూలో పోట్లాడిన అలవాటు ఉరుకుందమ్మకు ఇప్పుడు పనికొచ్చింది. బాగుందమ్మా, తప్పు నాదే, మాఫ్ చేయి అంది. కుర్చీలో ఉన్నాయన ఎవరని అడిగింది.

"మా ఆయన," అందావిడ. "ఆపరేషనయింది, నడవలేడు."

"ఆయన్ని ఇడిసిపెట్టి మా గదికి వచ్చినావా?"

"ఆయన్ని దింపడానికి పక్కవాళ్ళు ఉన్నారు కదా. మీ గదిలో నుంచి ఆడమనిషి దగ్గు వినిపించింది. ఎలా ఊరుకుంటాను?"

ఉరుకుందమ్మ ఆవిడ చేతులు పట్టుకుంది. వదల్లేకపోయింది. ఆ చేలో ఆమె గొంతు చిరిగేలా అరిచింది. ఇక్కడ సరిగ్గా పిలవనైనా లేదు. పేరు తెలియని మనిషి, కదల్లేని మొగుణ్ణి ఇతరుల చేతుల్లో పెట్టి, పొగలోకి నడిచి వచ్చింది. ఇంతకాలంగా గుండెలో బిగుసుకుపోయిన దీపాల్లో ఒకటి, ఇన్నేళ్ళకు, తన వైపు కదిలినట్టు అనిపించింది. అప్పుడు ఏడ్చింది ఉరుకుందమ్మ. చెల్లెలి కోసం, కూతురి కోసం, ఏది ఎవరి కోసమో తెలియకుండా ఏడ్చింది. ముఖం తిప్పుకున్న భువనే వచ్చి, శాలువా కొసతో తల్లి కళ్ళు తుడిచింది.

"ఊరుకో మా. నేను గూడా శానా అరిచినా."

అదే సమయానికి మారెన్న ఫోను చేశాడు.

"ఏమే, ఎట్లుండాది ఓటలు? ఇచ్చిన దుడ్లకు తగినట్టు ఉండాదా?"

భువన చూపు నేలమీద ఉంది.

"గది శానా చిన్నది," అంది ఉరుకుందమ్మ. "కిటికీ తెరుచుకోదు. నీళ్ళుపోసుకునే కాడ అద్దం పెట్టినారు, సిగ్గులేనోళ్ళు. దుప్పట్లు మాత్రం తెల్లగుండాయి. వేడినీళ్ళు వస్తాండాయి."

"ఇంతకీ ఏమంటావు?"

"పిలవకముందే వచ్చే మనుషులుండారయ్యా ఈడ. దుడ్లు దానికనుకో. పిల్లను ఉండనీ."

"నువ్వేనా మాట్లాడేది? గొంతేంది అట్లుండాది?"

"మిరపకాయ ఘాటు."

"బొంబాయిలో మిరపకాయేందే?"

"ఇంటికొచ్చినాక చెప్తా. పెట్టు."

దేవేంద్రప్ప కాలిన నేలకు, పాడైన దుప్పటికి జరిమానా తప్పదని చెప్పాడు. చెబుతూనే ఉరుకుందమ్మ ఇచ్చిన జొన్నరొట్టెలు రెండు మడిచి సొరుగులో పెట్టుకున్నాడు. మిగతావి ఆమె శాలువా ఆవిడకు ఇచ్చింది, చెనిక్కాయల పొడితో సహా.

భువన ఇస్త్రీ చేసిన తెల్లబట్టలు వేసుకుని లిఫ్టు దగ్గర నిలబడింది. ఆదోని బస్టాండుకైనా కూతుర్ని ఒంటరిగా పంపని తల్లి, గోడలోని కార్డు మళ్ళీ లాగి రవికెలో పెట్టుకుని, చెప్పులు వేసుకోకుండా తలుపు దగ్గరే ఆగింది.

"నువ్వు రావా మా?"

"నువ్వు పొయ్యి రా. నేనీడ నేల తుడవాల."

భువన తల్లిని ఎగాదిగా చూసింది. తరువాత ఫోను తీసింది. "గది ఎట్లుందో రాయమని అడుగుతాండారు మా. నువ్వే చెప్పు."

"రాయి. గది కొట్టం మాదిరి ఉండాదని రాయి. అద్దం సంగతి రాయి. మిరపకాయలు తెచ్చుకోవద్దని రాయి." ఉరుకుందమ్మ ఆగింది. "మేము దిగినాము, బతికే ఉండాము అని గూడా రాయి. యాడన్నా ఇంకో తల్లి అడుగుతా ఉంటాది."

లిఫ్టు వచ్చింది, కూతుర్ని తీసుకుని దిగిపోయింది. ఉరుకుందమ్మ గదిలోకి వచ్చి, రవికెలోంచి కార్డు తీసి, ఎవరూ చెప్పకుండానే గోడ సందులో పెట్టింది. దీపాలు వెలిగాయి. గదిలో ఇంకా ఘాటు ఉంది. ఆమె ఒకసారి గట్టిగా దగ్గింది. దిష్టి లేదు, అనుకుంది, కళ్ళు తుడుచుకుంటూ.