చివరి వరుస నిచ్చెన

ఆ రంగు డబ్బాల గోడౌన్‌లో చివరి వరుసకి మంచి పేరు లేదు. పట్టపగలు కూడా అటు వెళ్ళేవాళ్ళు ధైర్యానికి ఏదో ఒక పాట కూనిరాగం తీసేవారు. రాత్రి షిఫ్టులో ఆ రాగం కూడా గొంతు దాటేది కాదు...

నేను చూసింది కాదు. మా తమ్ముడు లారీ డ్రైవరు, ఆ రాత్రి అక్కడే ఉన్నాడు. వాడి మాటల్లో సగం కోసేసినా మిగిలిన సగానికే ఒళ్ళు జలదరిస్తుంది.

ఆ వరుసలో అరలు కప్పుకి తగిలేంత ఎత్తు. పై అర నుంచి డబ్బాలు దించుతూ ఒక పెద్దాయన నిచ్చెన జారి పడ్డాడు. మళ్ళీ లేవలేదు. కింద నిచ్చెన పట్టుకునే మనిషే లేడు.

ఆ తర్వాత ఓనరు వెంటనే కదిలాడు — భద్రతా నియమాలన్నీ అచ్చు వేయించి, అద్దం ఫ్రేము కట్టించి, ఆఫీసు గోడకి తగిలించాడు. నిచ్చెన ఎక్కితే కింద ఒకరు పట్టుకోవాలని అందులో ఎర్ర అక్షరాల్లో ఉంది. ఆ ఫ్రేము తగిలించినవాడికి నిచ్చెన ఎవరూ పట్టుకోలేదు... అది వేరే సంగతి.

పెద్దాయన ఉద్యోగం ఆయన అల్లుడికిచ్చాడు. అక్కడ అందరూ అతన్ని అల్లుడనే పిలిచేవారు. పిలుపే గానీ అల్లుడి మర్యాదలేవీ లేవు.

పెద్దాయన కూతురు ఆఫీసుకొచ్చి అడిగింది. "మా నాన్న ఎలాగూ పోయారు బాబుగారూ. ఈయనకైనా కింద ఒక మనిషిని పెట్టండి."

"చూద్దాంలేమ్మా," అన్నాడు ఓనరు. ఆయన చూద్దామన్నాడంటే ఇక చూడడని ఆ గోడౌన్‌లో పిల్లికి కూడా తెలుసు. అందుకని ఆవిడ ఇంటికెళ్ళి మొగుడి చేత ఒట్టు వేయించుకుంది — ఎవరూ పట్టుకోకుండా నిచ్చెన ఎక్కనని.

ఒక రాత్రి మా తమ్ముడి లారీ వచ్చి నిలబడింది. కావలసిన డబ్బాలు చివరి వరుసలో, పై అరలో ఉన్నాయి. అల్లుడు నిచ్చెన పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పట్టుకోమంటే మిగతావాళ్ళు ఆ వరుసలో అడుగే పెట్టం అన్నారు.

ఓనరుకి చిర్రెత్తుకొచ్చింది. "రేపట్నుంచి నువ్వు పనికి రానక్కర్లేదు. దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు. నేనెక్కి చూపిస్తా."

అల్లుడి మొహంలో నెత్తురు చుక్క లేదు. అందరూ వరుస మొదట్లోనే ఆగిపోయారు. ఓనరు ఒక్కడే వెళ్ళాడు. అక్కడ బల్బు ఎప్పుడో మాడిపోయింది, జేబులో సెల్‌ఫోను లైటే దిక్కు.

పైదాకా ఎక్కాడు. డబ్బా మీద చెయ్యి వేశాడు... నిచ్చెన ఊగింది. ఫోను జేబులోంచి జారి కింద పడింది. అంతే — చిమ్మచీకటి.

కాళ్ళు వణికి నిచ్చెన ఊగుతోందో, నిచ్చెన ఊగి కాళ్ళు వణుకుతున్నాయో ఆయనకే తెలీలేదు. రెండు చేతులా నిచ్చెనని కరుచుకున్నాడు.

ఉన్నట్టుండి... నిచ్చెన ఆగిపోయింది. కింద ఎవరో గట్టిగా పట్టుకున్నారు.

"ఎ... ఎవరది?"

"పట్టుకున్నా బాబుగారూ..." గుసగుస. "అల్లుడికి ఒక మనిషిని పెడతారా? లేక... వదిలేయమంటారా?"

"పెడతా. పనిలోంచి కూడా తీసెయ్యను. వదలకు నాయనా."

కింద సద్దుమణిగింది. ఓనరు ఒక్కో మెట్టూ తడుముకుంటూ దిగుతున్నాడు. మళ్ళీ అదే గుసగుస... ఈసారి చెవి పక్కనే —

"నడుముకి బెల్టు కూడా ఇప్పించండి... ఆ రోజు అడగలేకపోయాను."

"ఇప్పిస్తా. అందరికీ ఇప్పిస్తా."

కాలు నేలకి ఆనింది. చుట్టూ తడిమి చూశాడు. ఎవరూ లేరు.

చెంబెడు నీళ్ళు తాగాక ఇదంతా ఓనరే అందరికీ చెప్పాడట. వారం తిరక్కుండా కింద మనిషి వచ్చాడు, నడుముకి బెల్టులొచ్చాయి, బల్బు కూడా వెలిగింది. గోడ మీద రాసుకున్న మాట వినని మనిషి, దెయ్యం చెబితే బుద్ధిగా విన్నాడు.

పెద్దాయన కూతురు మా పక్కింట్లోనే ఉంటుంది. తమ్ముడు చెప్పింది చెబితే, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు.

"దెయ్యమేంటక్కా, నేనే. ఈయనకి క్యారేజీ ఇద్దామని వెనక గుమ్మంలోంచి వచ్చా. పెద్దమనిషి పడిపోతాడేమోనని పట్టుకున్నా. పట్టుకున్నాక నోరు ఊరుకుంటుందా?"

నాకూ నవ్వాగలేదు. "గట్టిదానివే. పన్లో పనిగా బెల్టు కూడా రాబట్టావు."

ఆవిడ కొంగు కిందికి జారింది.

"బెల్టేంటక్కా?... కిందికొస్తే నా మొహం చూస్తాడని, ఆయన సగం దిగగానే వదిలేసి వచ్చేశాను. బెల్టు మాట నేను ఎత్తనే లేదు."

కొంగు మళ్ళీ భుజం మీదికి లాక్కుంది. తర్వాత బాగా గొంతు తగ్గించి అడిగింది.

"నాన్న... ఇంకేమైనా అన్నారటా?"