నిమ్మచెట్టు మలుపు

కొత్త సైకిల్ దారి కోసం నిమ్మచెట్టు కొట్టేస్తారు. అది అన్యాయం. ఇందులో మాట్లాడుకోవడానికి ఇంకేమీ లేదు.

తాతయ్య అలా తేల్చేసి, పెరట్లో కుర్చీ ఇంటిగోడవైపు తిప్పుకుని కూర్చున్నాడు.

ఆ చెట్టు అమ్మమ్మ నాటింది. అమ్మమ్మ ఇప్పుడు లేదు. తప్పు చేసినవాళ్ళను తాతయ్య క్షమించడని అందరికీ తెలుసు. వెనకింటి టైలర్ పంట్లాం పొట్టిగా కుట్టాడని అతనితో మాట మానేసి ఏళ్ళయింది. ఇద్దరి పెరళ్ళూ ఒకదానికొకటి ఆనుకునే ఉంటాయి. మధ్యలో గోడ కూడా లేదు.

మనవరాలికేమో ఆ దారి కావాలి. ఎప్పుడూ సైకిల్ బెల్లు కొడుతూ తిరుగుతుందని ఆ పిల్లను అందరూ ట్రింగు అంటారు. బడి నుంచి వచ్చే సైకిల్ దారి పెరళ్ళకు ఆ చివర ఆగిపోయింది. లైబ్రరీ నుంచి వచ్చేది ఈ చివర ఆగిపోయింది. మధ్యలో ఉన్న కాస్త దూరానికి లారీలు తిరిగే రోడ్డెక్కాలి.

"రోడ్డెక్కావంటే నీ సైకిల్ అటకెక్కుతుంది" అని అమ్మ ముందే చెప్పేసింది.

ఇప్పుడు ఆ రెండు ముక్కల్నీ కలుపుతున్నారు. దారి ఎటు పోవాలో చూపిస్తూ ఎర్ర రిబ్బన్లు కట్టిన కర్రమేకులు పాతారు. ఆ వరస సరిగ్గా నిమ్మచెట్టు మీదుగా పోతోంది.

ట్రింగు తాతయ్య వీపు వైపు చూసింది. మేకుల వైపు చూసింది. సాయంత్రం పనివాళ్ళు వెళ్ళిపోయాక, చెట్టు దగ్గర నుంచి బడివైపున్న మేకులు కొన్ని పీకి టైలర్ పెరట్లో నాటింది. కాస్తే కదా, ఎవరికి తెలుస్తుందిలే అనుకుంది.

మర్నాడు రెండు జట్లు రెండు చివర్ల నుంచీ తవ్వుకుంటూ వచ్చాయి. మధ్యలో కలవాల్సిన చోట కలవలేదు. ఒక కాలువ తాతయ్య పెరట్లోకి, ఇంకొకటి టైలర్ పెరట్లోకి వచ్చి ఆగాయి. టైలర్ బట్టలారేసే గుంజ కూలిపోయి, తడి చొక్కాలన్నీ మట్టిలో దొర్లాయి.

"ఇదేం దారయ్యా? అలిగిన మొగుడూ పెళ్ళాల్లా చెరో వైపు పోయింది" అన్నాడు మేస్త్రీ.

పని చూసే ఇంజనీరమ్మ నవ్వలేదు. మేకులు చూసింది. చెట్టు చూసింది. నేరుగా తాతయ్య దగ్గరికి వచ్చింది.

"పెద్దాయనా, మేకులు జరిపింది మీరేనా?"

తాతయ్య చూపు ట్రింగు సైకిల్ బెల్లు మీద ఆగింది. దాని మీద ఎండిన మట్టి వేలిముద్రలున్నాయి.

"నేనే. అయితే ఏంటి?"

"అయితే పని ఆపేస్తాను. జట్లను వేరేచోటికి పంపేస్తాను. ఈ ఖాళీ ఇలాగే ఉంటుంది."

మేస్త్రీ పారలు సర్దడం మొదలుపెట్టాడు. ట్రింగు అటూ ఇటూ చూసింది. నోరు విప్పకపోతే దారి పోతుంది. విప్పితే తాతయ్య జన్మలో మాట్లాడడు.

"తాతయ్య కాదు, నేను జరిపాను" అంది.

అందరూ ఆ పిల్ల వైపు తిరిగారు. తాతయ్య తిరగలేదు.

ట్రింగు టైలర్ దగ్గరికి నడిచింది. మట్టిలో పడ్డ చొక్కాలు ఏరసాగింది.

"మామయ్యా, మిమ్మల్ని అడక్కుండా మీ పెరట్లో మేకులు పాతాను. తప్పయిపోయింది. చొక్కాలన్నీ నేనే ఉతుకుతాను."

టైలర్ ఆ పిల్ల చేతుల్లోని చొక్కాలు చూశాడు. కలవని రెండు కాలువలు చూశాడు.

"అమ్మా, దీన్ని చెట్టు చుట్టూ తిప్పి కలపలేరా? చొక్కాకు చంక దగ్గర మేం గుడ్డ వంపు తిప్పమూ? అలాగే" అన్నాడు ఇంజనీరమ్మతో.

"తిప్పొచ్చు. కానీ మీ పెరట్లో కొంత పోతుంది" అంది ఇంజనీరమ్మ.

"పోనివ్వండి. అయితే ఒకటి. ఆ పెద్దమనిషి నాతో ఒక్క మాట మాట్లాడాలి."

తాతయ్య లేచాడు. కుర్చీ ఇటు తిప్పాడు. టైలర్ కళ్ళలోకి చూశాడు.

"పంట్లాం పొట్టిదే" అన్నాడు.

టైలర్ పగలబడి నవ్వాడు. "మాట్లాడాడు. తవ్వండి."

మేస్త్రీ తాడు పట్టుకుంటే ట్రింగు మేకులు నాటింది. ఈసారి పట్టపగలు, అందరూ చూస్తుండగా. ఒక్కో మేకు దగ్గరా ఆగి, "ఇక్కడేనా మామయ్యా?" అని టైలర్ను అడిగింది. అతను తలూపాకే సుత్తి ఎత్తింది.

కంకర పడింది. రోలరు తిరిగింది. నిమ్మచెట్టు దగ్గర దారి ఒళ్ళు విరుచుకున్నట్టు ఒక్కసారి వంగి, మళ్ళీ తిన్నగా సాగి బడి దారిని అందుకుంది. ఖాళీ లేదు.

పొద్దున్నే ట్రింగు సైకిలెక్కింది. లైబ్రరీ వైపు నుంచి పిల్లలు గుంపుగా వచ్చి కలిశారు. మలుపు దగ్గర అందరి బెల్లులూ ఒక్కసారిగా మోగాయి. టైలర్ కిటికీలోంచి టేపు ఊపాడు. లారీల రోడ్డు ఎక్కడో దూరంగా హోరెత్తుతోంది. దానితో ఇంక ఎవరికీ పనిలేదు. బడి గేటు దాకా ఒక్క కాలూ కింద పెట్టకుండా తొక్కుకుపోయారు.

సాయంత్రం తిరిగొస్తూ ట్రింగు మలుపు దగ్గర దిగింది. కుర్చీ ఇప్పుడు దారివైపు తిరిగి ఉంది.

"తాతయ్యా, ఆ మేకులు..."

"చెప్పాల్సిన చోట చెప్పావు" అన్నాడు తాతయ్య, దారి మీద పడ్డ నిమ్మకాయ ఏరి ఆ పిల్ల చేతిలో పెడుతూ. "ఆ మాట నా దగ్గర ఇంకెప్పుడూ ఎత్తకు. నేనూ ఎత్తను."