తొమ్మిదో పదును

వైశాఖ బహుళ అమావాస్య... మిట్టమధ్యాహ్నానికి ఇంకా ఇరవై నిమిషాలు!

దయ్యాలు అర్ధరాత్రే తిరుగుతాయనుకునేవాళ్లు చిత్తూరు ఎండ ఎరగనివాళ్లు. కత్తిరి ఎండలో, సూర్యుడు నడినెత్తిన నిలిచి నిప్పులు కురిపించే ఘడియలో, మనిషి నీడ కూడా భయపడి పాదాల కింద దాక్కుంటుంది. తోడు నీడైనా లేని ఆ ఘడియ కోసమే క్షుద్రోపాసకులు కాచుకుని ఉంటారని పెద్దలు ఊరికే అనలేదు. పూతలపట్టు కూడలిలో బస్సు దిగిన వకుళకు ఆ మాటే గుర్తొచ్చింది. మబ్బు తునక లేని ఆకాశంలో ఎక్కడో ఉరుము ఉరిమింది. రోడ్డు పక్క చింతచెట్టులో గుడ్లగూబ... పట్టపగలు... ముమ్మారు కూసింది!

ఆమె చేతిలో నలిగిన కొరియర్ చీటీ ఒకటి ఉంది. ‘సుందరరాజు, కంప్యూటర్ రిపేర్లు, పూతలపట్టు’ అని దాని మీద ఆమె చెల్లెలు రంగప్రియ చేతిరాత. పన్నెండు కొట్టేలోగా ఆ సుందరరాజును పట్టుకోకపోతే రంగప్రియ ప్రాణం దక్కదు. నిన్న సాయంత్రం దాకా ఆ సంగతి వకుళకు తెలియదు.

వకుళది తిరుపతిలో ఒక కోవెల ముందర అర్చన టికెట్ల కౌంటర్లో ఉద్యోగం. పేరేంటి, గోత్రమేంటి, నక్షత్రమేంటి అని పొద్దస్తమానం అడుగుతూ రాసుకోవడమే పని. తల్లి పోయాక చెల్లెల్ని పెంచింది ఆమే. పెంచినవాళ్లకు ప్రేమ ఎంతో అనుమానమూ అంతే. అందులోనూ వకుళకు ఒకపాలు ఎక్కువ. పాలవాడు నవ్వితే పాలలో నీళ్లు ఎన్ని పోశాడోనని చూసే మనిషి.

ఇరవైనాలుగేళ్ల రంగప్రియ ఇంట్లో కూర్చునే కంపెనీ పని చేస్తుంది. పనయ్యాక ‘రాక్షసగిరి’ అని కంప్యూటర్లో ఒక ఆట. గుహల్లో ఇనుపరాయి తవ్వాలి, రాక్షసుల్ని చంపి కొమ్ములూ తోళ్లూ పోగేయాలి, వాటిని కొలిమిలో వేసి కత్తులూ కవచాలూ చేసుకోవాలి. చేసిన కత్తిని మళ్లీ మళ్లీ అప్‌గ్రేడ్ చేయాలి. ఆ ఒక్కో మెట్టునూ ‘పదును’ అంటారు. నాలుగు పదునుల దాకా ఎవరైనా పెట్టుకోవచ్చు. ఐదో పదును నుంచి మాత్రం సరుకు పాళ్లు ఒక్క పిసరు తప్పినా కత్తి ముక్కలై, నెలల కష్టం బూడిదపాలు.

“పులుసు పెట్టేది మాదిరే అక్కా. ఏది యెంత ఎయ్యాలో తెలిసుండాల,” అని నవ్వేది రంగప్రియ.

అలా నవ్వే పిల్ల ఈ మూడు నెలల్లో ఏమైపోయిందో! ఆటలో ఎవరో ‘కాలకొలిమి’ అనేవాడు దొరికాడట. వాడి కొలిమిలో పడిన కత్తి విరగడమన్నది లేదట. ఐదో పదును పడిన వారానికే రంగప్రియ నాలుకకు ఉప్పూ కారం తెలియకుండా పోయాయి. ఆరో పదునుతో కంటి మీద కునుకు లేకుండా పోయింది. ఏడో పదును పడిన మర్నాడు ఆమె గడ్డం మీది పుట్టుమచ్చ మాయమైంది... తెర మీది ఖడ్గానికి అలుగు మీద కందిగింజంత నల్లచుక్క మొలిచింది! ఎనిమిదో పదునుతో పిల్లకు గొంతే పడిపోయింది. ఆ కత్తిని తెర మీద ఝళిపిస్తే మాత్రం ఆడపిల్ల కేక వినిపించేది... అచ్చం రంగప్రియ గొంతుతో!

అక్క అనుమానం ఎక్కడెక్కడికో పోయింది. మొదట ఎవడో మగవాడనుకుంది. చెల్లెలు స్నానానికి పోయినప్పుడు ఫోనంతా వెదికింది. తర్వాత మత్తుమందనుకుని తాగిన గ్లాసులు వాసన చూసింది. ఏదీ తేలకపోయేసరికి పొగరనుకుంది, సోమరితనమనుకుంది, అనరాని మాటలన్నీ అంది. “ఆ పాడు ఆట మానుకో” అని కేకలేస్తే రంగప్రియ గడగడ వణికిపోయి, కాదని తల అడ్డంగా ఊపేది. చూశావా కళ్లు ఎలా నెత్తికెక్కాయో అని వకుళ మరింత రగిలిపోయేది.

నిన్న సాయంత్రం చెల్లెలి వెనక నిలబడి తెర చూసింది. ‘తొమ్మిదో పదును. రేపు అమావాస్య, పగలు పన్నెండు గంటలకు. పేరు, గోత్రం, నక్షత్రం’ అని ఎర్రటి అక్షరాలు! ఏ ఆటకైనా గోత్రంతో ఏం పని? నక్షత్రంతో ఏం పని? ఆ మూడూ అడిగేది సంకల్పానికి. ఎవరి పేరు సంకల్పంలో చెబితే కర్మఫలం వారిది. అర్చనైతే పుణ్యం... మరి అది క్షుద్రమైతే?

పరుగున పోయి ప్లగ్గు పీకేసింది. తెర ఆరలేదు!

రాత్రంతా ఇల్లు గాలించగా తెల్లవారుజామున బల్ల సొరుగులో, కత్తిరించిన జడకొస పక్కన, ఈ చీటీ దొరికింది. జుట్టు తెప్పించుకున్న ఈ సుందరరాజే ఆ కాలకొలిమి అయి ఉండాలనుకుంది. అంతకుముందు ఆ సొరుగు మూడుసార్లు చూసింది. మూడుసార్లూ అక్కడ ఏమీ లేదు. అనుమానం వచ్చింది గానీ, అనుమానపడుతూ కూర్చోడానికి పొద్దు లేదు. పడుకోబెట్టిన చెల్లెల్ని తండ్రి ముకుందానికి అప్పగించి బస్సెక్కింది.

కొట్టు షట్టరు సగం దించి ఉంది. లోపల పాత కంప్యూటర్ల గుట్టల నడుమ యాభయ్యేళ్ల బక్కపలచని మనిషి కూర్చుని ఉన్నాడు.

“రామ్మా వకుళా. నీ కోసరమే సూస్తా ఉండా,” అన్నాడు సుందరరాజు.

తన పేరు ఇతనికెలా తెలుసు? అడుగు వెనక్కి వేయబోయింది. షట్టరు దానంతట అదే దబ్బున దిగింది. అతను వెనక తలుపు తీసి నడిచాడు. వేరే దారి లేదు. వెంట నడిచింది.

అది రేకుల షెడ్డు. కాదు... భూమ్మీద వెలసిన నరకకూపం! నడుమ కణకణలాడే కొలిమి. దాని పక్క ఇనుము సాగగొట్టే దాగలి, దాగలి మీద సుత్తి. చుట్టూ కుంకుమ కారే గూడూరు నిమ్మకాయలు, నూటొక్కటి. కొలిమి గట్టున నల్లగా జిడ్డోడే నరకపాలం! కంటి గుంతల్లోంచి దూరిన కేబుళ్లు దవడల గుండా వెలికి వచ్చి, గోడకున్న పెద్ద తెరలో కలుస్తున్నాయి. కొలిమికి గాలి ఊదే తిత్తిని ఎవరూ ముట్టుకోవడం లేదు. అయినా అది ఊపిరి తీస్తూనే ఉంది... వదులుతూనే ఉంది...

తెర మీద తిరుపతిలోని తమ ఇల్లు. విరబోసిన జుట్టుతో రంగప్రియ కూర్చుని ముందుకీ వెనక్కీ ఊగుతోంది. కళ్లలో నల్లగుడ్డు లేదు. మూసిన పెదవుల వెనక నుంచి ఏదో ముదుసలి మగగొంతు, “కొట్టు... కొట్టు...” అని గర్జిస్తోంది. గోడకు నక్కిన ముకుందం చేతులు జోడించి కూతుర్ని పేరు పెట్టి పిలుస్తున్నాడు. ఆ పేరు ఆమెకు అంటడం లేదు.

“మా చెల్లిని వదిలిపెట్టు,” అంది వకుళ.

“నేను పట్టుకోలేదమ్మా. ఆ పిల్లే తన చేత్తో పేరు రాసిచ్చింది. ఒకతూరి గాదు, నాలుగు తూర్లు.”

“ఆటలో బొమ్మకత్తి కదా అది. దానికి మనిషి ప్రాణమెందుకు?”

సుందరరాజు నవ్వాడు. “ఇప్పటికి బొమ్మే. తొమ్మిదో పదును పడితే బొమ్మ గాదు. యాడ తెర ఎలుగుతా ఉంటే ఆడ దిగుతాది. నేను చెప్పిన తల కోసుకోని నా కాడికి వస్తాది. మా తాత ఒక మనిషిని సంపాలంటే నలభై దినాలు శ్మశానంలో పడుండినాడు. నాకు అంత ఓపిక లేదు.”

వకుళ తల తిప్పి తెర మీది చెల్లెలి వైపు చూసింది. సుందరరాజు ఆగలేదు.

“ఈ పదునుకు ఒక నేమం ఉండాది. పేరు వాళ్లకు వాళ్లు చెప్పుకోకూడదు. నెత్తురు పంచుకున్నోళ్లు ఈడికొచ్చి, నోరు తెరిచి చెప్పి ఇయ్యాల. అందుకే ఆ చీటీ నీ సొరుగులో పెట్టించినాను. చెల్లెలి పేరు చెప్తే నువ్వు బతుకుతావు. నీ పేరు చెప్తే అది బతుకుతాది. నోరు మూసుకుంటే ఇద్దురూ పోతారు. బాగా ఆలోచన జేసుకో. నోట్లోంచి పడినాక ఆ పేరు మార్చేదానికి నాక్కూడా కాదు.”

ఆలోచించడానికి ఏముంది? తల్లి చేతుల్లోంచి అందుకున్న రోజు నుంచీ ఆ పిల్ల ప్రాణమే తన ప్రాణం. తన పేరే చెప్పాలని వకుళ ఆ క్షణానే నిశ్చయించుకుంది. ఏడుపు రాలేదు. నాయనకు మధ్యాహ్నం మాత్రలు ఎవరిస్తారో అన్న దిగులు ఒక్కటే వచ్చింది.

గోడ గడియారం పన్నెండు కొట్టసాగింది. ఉరుములు రేకుల మీదే దొర్లుతున్నాయి! సుందరరాజు నిమ్మకాయ చిదిమి కపాలం నుదుట పిండాడు. దేశకాలాలు తలక్రిందులుగా పలుకుతూ ఘోరసంకల్పం మొదలుపెట్టాడు. కపాలనేత్రాల్లో నీలజ్వాలలు భగ్గుమన్నాయి. సుత్తి దానంతట అదే గాల్లోకి లేచింది... సంకల్పం సగంలో ఆపి, ఆమె వైపు తిరిగి, అర్చకుడు అడిగే వరసలోనే అడిగాడు.

“ఎవరి పేరు మీద?”

వకుళ నోరు తెరిచింది. ‘వకుళ’ అనే అనబోయింది.

కానీ చూడండి, ఆ ఇంట తరతరాలుగా ఒక వాడుక. కోవెలకు పోతే తమ పేరు, తమ గోత్రం చెప్పుకోరు. అర్చకుడు ఎవరి పేరు మీద అనగానే స్వామి పేరు మీదనే చేయమంటారు. మనకేం కావాలో ఆయనకు తెలియదా, మన పేరు వేరే చెప్పాలా అని వారి నమ్మిక. మాటలు నేర్చిన నాటి నుంచీ వకుళ నోరు ఆ ప్రశ్నకు ఇంకో జవాబు ఎరగదు. అందుకే పన్నెండో గంట మోగుతుండగా, బుద్ధి ఒకటి తలిస్తే నోరు ఇంకొకటి పలికింది.

“స్వామి పేరు మీదనే. ఏడుకొండలవాడి పేరు మీద.”

అనేసి నాలుక కరుచుకుంది. అయ్యో, ఒక్క పేరు సరిగా చెప్పలేక చెల్లెల్ని చేజేతులా చంపుకున్నానే అని గుండెలు బాదుకుంది.

సుందరరాజు ముఖంలో నెత్తురు చుక్క లేదు. “ఆ పేరు వద్దు. మార్చు. నీ పేరు చెప్పు, బిన్నా చెప్పు, పొద్దు లేదు.”

“వకుళ! నా పేరు వకుళ, నన్నే తీసుకో,” అని ఆమె కూడా కపాలం ముందు మోకరిల్లి ఏడ్చింది. ఏం లాభం! పడిన పేరు పడింది. కపాలం దవడలు విచ్చుకున్నాయి. కాటుక నలుపు పొగ ఒకటి బుసకొడుతూ వెలికి వచ్చి, రేకులు చీల్చుకుని, ఈశాన్యంగా... శేషాచల శిఖరాల వైపు... ఆ పేరు గలవాడి ప్రాణం తెమ్మన్న ఆజ్ఞ మోసుకుని దూసుకుపోయింది!

ఒక్క క్షణం సృష్టి అంతా నిశ్శబ్దం. తిత్తి కూడా ఊపిరి బిగబట్టింది.

ఆ తర్వాత వచ్చింది! పోయినది పొగ, వచ్చినది కోటిసూర్యప్రభాభాసురమైన మహాతేజం! అది వకుళ పమిట కొంగునైనా కదిలించలేదు. కొలిమిలోకి దిగి, పెట్టిన పదునులన్నీ ఒక్కొక్కటిగా పెట్టినవాడికే తిరిగిచ్చింది. మొదట సుందరరాజు గొంతు పోయింది. అరవాలని తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. అతడి ముఖం మీది మచ్చలూ ముడతలూ కనుబొమలూ, చివరికి ముక్కూ పెదవులూ, పలక మీది రాతల్లా చెరిగి నున్నగా అయిపోయాయి. సుత్తి గిర్రున తిరిగి అతడి మీదనే పడింది. తొమ్మిది దెబ్బలు! కపాలం ఫెళ్లున పగిలింది. నిమ్మకాయలన్నీ ఒక్కమారు మాడి మసైపోయాయి. పొగ విడిపోయేసరికి దాగలి పక్కన ఇనుము కాలిన చిట్టెం కుప్ప ఒకటి మిగిలింది, అంతే.

వకుళ చాలాసేపటికి తల ఎత్తింది. తెర మీద ఇప్పుడు ఇల్లు లేదు, కత్తి లేదు. వాడి కొలిమి లెక్క... ఎవరెవరు ఏ రోజు ఏమేం రాసిచ్చారో ఆ చిట్టా. రంగప్రియ పేరు కింద వరసలు చదివింది.

ఆరో పదును దగ్గర ఇలా ఉంది. ‘నాకు వద్దు. ఆట మానేస్తాను.’ కింద వాడి జవాబు. ‘మానుకో. నీ బదులు మీ అక్క పేరు ఎక్కిస్తాను.’ దాని కింద చెల్లెలి మాట. ‘అక్క పేరు వద్దు. నా పేరే రాయండి.’

ఏడో పదును దగ్గర, ఎనిమిదో పదును దగ్గర, మళ్లీ అదే మాట.

ఫోను మోగింది. “అక్కా... యాడుండావు? నాయన ఏడస్తా ఉండాడు,” అంది రంగప్రియ. నీరసంగా ఉన్నా అది ఆమె గొంతే.

వకుళ తెర మీది ఆ వరసల వైపు మళ్లీ చూసింది. “నిన్ను ఎన్నెన్ని మాటలన్నాను తల్లీ. ఒక్కసారన్నా నాకు చెప్పుండకూడదా?”

“చెప్పుంటే నువ్వు పోయి నీ పేరు ఇచ్చేసుంటావు. నాకు తెలీదా అక్కా,” అంది చెల్లెలు.

వకుళ ఆ బూడిదలోనే చతికిలబడి, ఫోను చెవికి ఆనించుకుని, వెక్కి వెక్కి ఏడ్చింది.