అభిజ్ఞలో జ్ఞ

"ఇది పెండ్లికార్డా, డాక్టర్ చీటీనా?"

రెండేళ్ల కిందట ఛత్తాబజార్‌లోని ముకుంద్ కార్డుల దుకాణంలోకి అభిజ్ఞ ఈ మాటతోనే అడుగుపెట్టింది. తప్పు ముకుంద్‌దే. అభిజ్ఞ అక్క పెళ్లికార్డు మీద పేరును ఇంగ్లీషులో వంపుల స్క్రిప్ట్ ఫాంట్‌లో, అన్నీ క్యాపిటల్ అక్షరాలే పెట్టి కొట్టాడు. తోకలన్నీ ఒకదాన్నొకటి చుట్టేసుకుని, పెళ్లికూతురి పేరేమిటో సొంత మేనత్తకే అంతుపట్టలేదు.

"సారీ మేడం. వంపుల అక్షరాలు పేర్లకే బాగుంటయ్. గండ్ల గూడ మొదటిదే క్యాపిటల్ ఉండాలె. ముహూర్తం, అడ్రసు సాదాగ పెట్టాలె. ముఖ్యమైన మాట సాదాగ ఉంటేనే అందుతది."

"అన్నీ తెల్సి గిట్ల జేసిండ్రా?" అని నవ్వింది. అంతే, మనవాడి పని అయిపోయింది.

ఆ తర్వాత బాబాయి గృహప్రవేశం కార్డుకని సైదాబాద్ నుంచి వచ్చింది. తాతయ్య సహస్ర చంద్రదర్శనం కార్డుకని వచ్చింది. వచ్చినప్పుడల్లా ఫాంట్లు చూస్తూ గంటసేపు కూర్చునేది. ఆమె వెళ్లిపోయాక ముకుంద్ తను సొంతంగా గీస్తున్న తెలుగు ఫాంట్ తెరిచి, ఆ ఖాళీ కుర్చీ వంక చూస్తూ కూర్చునేవాడు. ఏ కార్డుకు ఏ అక్షరమో బజారందరికీ చెప్పే మనిషికి ఆ ఒక్క మాట చెప్పడానికి నోరు పెగల్లేదు, పాపం.

ఈ రోజు వానలో తడుస్తూ వచ్చింది. నవ్వలేదు.

"ఈసారి ఎవరిది మేడం?"

"నాదే. ఆదివారం చూస్కోనీకి వస్తుండ్రు. ఖాయమైనట్టేనంట. నమూనాలు చూసి రమ్మన్నడు బాపు."

ముకుంద్ బల్ల సొరుగు లాగాడు. ఏం చేస్తున్నాడో తెలియకుండానే తన ఫాంట్‌లో కొట్టిన నమూనా కాగితాల కట్ట తెరిచాడు. తెరిచాక నాలుక కరుచుకున్నాడు.

చి.ల.సౌ. అభిజ్ఞ. పన్నెండు నమూనాల్లోనూ అదే పేరు. వరుడి పేరు దగ్గర ఖాళీ.

"నా పెండ్లని ఇప్పుడే గదా చెప్పిన. ఇవన్నీ ఎప్పుడు కొట్టిండ్రు?"

"అంటే... జ్ఞ గీసుడు మస్తు కష్టం మేడం. అదొక్కటి కుదిరితే అన్నీ కుదిరినట్టే. గందుకే..."

"ప్రజ్ఞ అని కొట్టొచ్చు గదా?"

ముకుంద్ కట్ట మూయబోయాడు. అభిజ్ఞ చెయ్యి అడ్డం పెట్టింది.

"ముఖ్యమైన మాట సాదాగ ఉండాలన్నరు. చెప్పుండ్రి."

"నువ్వంటే నాకు ఇష్టం. రెండేండ్ల సంది."

అభిజ్ఞ కళ్లు నిండిపోయాయి. "గీ మాట కోసం ఎన్ని కార్డులు కొట్టించిన్నో తెల్సా? మా చుట్టాలల్ల ఇంక శుభకార్యాలే మిగల్లే!"

నమూనా కాగితం ఒకటి లాక్కుని, ఖాళీలో గుండ్రటి చేతిరాతతో రాసింది: చి. ముకుంద్.

"రేపే మీ అమ్మానాన్నలను తీస్కొని ఇంటికి రా. గీ కార్డే చూపిస్తం. నీ పేరు మాత్రం వంకర్లు తిప్పకుండ సాదాగ కొట్టు. బాపు అద్దాలు లేకుండనే చదవాలె."