చప్టా మీద ఇరుసు చప్పుడు

నిన్న పొద్దుగూకాక నీ కొడుకు ఏడుస్తుంటే ఏమని నోరు మూయించావు? "ఊరుకోకపోతే చప్టా కాడ సిలార్‌కి పట్టిస్తా" అన్నావు. మా అరుగు దాకా వినపడింది. ఎదిగిన మనిషివి, సిగ్గుగా లేదూ? సిలార్ ఎవరో నీకు తెలుసా? వాడి ముఖం ఎన్నడైనా చూశావా? చూడనివాణ్ణి దెయ్యమని చెప్పి పసివాణ్ణి జడిపించే హక్కు నీకెవరిచ్చారు?

కూర్చో. చెప్తాను. మధ్యలో నవ్వకు.

మన ఊరి నుంచి చిలకలూరిపేట పోయే దారిలో, వాగు మీద ఉన్న ఆ చప్టాకి చెడ్డపేరు వచ్చి చాలా కాలమైంది. చీకటి పడితే బండ్లవాళ్లు అటు తోలరు. పేటలో పత్తి దించి, మిల్లు గేటు ముందే ఎడ్లను కట్టేసుకుని తెల్లారేదాకా పడుకుంటారు గాని చప్టా దాటరు. అక్కడ సైకిలు చప్పుడు వినపడుతుందంటారు — మనిషి కనపడడు. తెలిసినవాళ్ల గొంతుతో, పేరు పెట్టి పిలుస్తుందంటారు. పలికితే... పలికినవాడు తెల్లవారడం చూడడట.

ఆ పేరు తెచ్చిపెట్టింది ఎవరో మాత్రం ఎవరూ చెప్పరు. వాగు పక్క కల్లానికి కాపలా పడుకునే ఆదెయ్య నోట నేను విన్నాను. తరవాత అంకారావు నోటా విన్నాను.

సాగర్ కాలవ నీళ్లు ఇంకా రాని రోజులవి. ఎటు చూసినా మెట్ట చేలు, పత్తి, మిరప. అంకారావుకి ఊరి సెంటర్లో సైకిలు షాపు ఉండేది. తాగడు, పేకాడడు. ఏ వ్యసనమూ లేని మనిషని పేరు. కాని వ్యసనమంటే సీసాయే కానక్కర్లేదు.

గుంటూరులో పొగాకు కంపెనీ దొర ఒకడు దేశానికి పోతూ సామాను వేలం వేస్తే, అంకారావు అందులో ఒక ఇంగ్లీషు సైకిలు తెచ్చుకున్నాడు. రోడ్డు మీద పందేలకు చేసిన రకం. సన్నటి ఉక్కు గొట్టాలు, పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిలు. తుప్పు పట్టి, సగం సామాను ఊడిపోయి ఉంది. దాన్ని విప్పి, గరుకు కాగితంతో గీకి, కిరసనాయిల్లో కడిగి, పూత ఆరాక పూతగా నల్లరంగు వేశాడు. ఉడుత వెంట్రుకల కుంచెతో బంగారు గీత తీశాడు. ఎండి పగిలిన తోలు సీటుకు ఆముదం పట్టించి మెత్తబరిచాడు. ఇంతవరకూ తప్పేం లేదు. పాడైనదాన్ని బాగుచేసుకోవడం మంచి పనే.

అయితే అందులో ఒక్క నట్టు కూడా దేశవాళీది ఉండకూడదని పంతం పట్టాడు. అప్పటికి సర్కారు విదేశీ సామాను రానివ్వడం ఆపేసింది. మద్రాసు వెళ్లినా దొరకడం లేదు. ఇక దొరికే చోటు ఒకటే — ఊళ్లోవాళ్ల పాత ఇంగ్లీషు సైకిళ్లు. అవి బాగుకు వచ్చేది అతని షాపుకే.

ఒకరి సైకిల్లోంచి పెడల్లోపలి గుండ్లు తీశాడు. ఇంకొకరిది గొలుసు మార్చాడు. అసలుది తన సైకిలుకి, నాసిది వాళ్లకి. పైకి కనపడని భాగాలే తీసేవాడు. విప్పి చూసేదెవరు? "వాళ్లకి ఏదైతే ఏంది, తొక్కడానికేగా" అని తనకు తాను చెప్పుకునేవాడట. దొంగ అందరికంటే ముందు తన మనసునే నమ్మిస్తాడు.

చివరికి ముందు చక్రం ఇరుసు ఒక్కటి మిగిలింది. అది సిలార్ సైకిల్లో దొరికింది.

సిలార్, మాబూబీ ఒక్కగానొక్క కొడుకు. పేటలో పత్తి మిల్లులో పని. వాళ్ల నాన్న పటాలంలో చేసి వస్తూ తెచ్చుకున్న సైకిలు మీద రోజూ చప్టా దాటి వెళ్లి వచ్చేవాడు. నూనె వేయమని సైకిలు ఇచ్చిపోతే, అంకారావు ఇరుసు లాగేసి మెత్తని ఇనుముది బిగించాడు. మర సరిగ్గా కూర్చోలేదు. మర్నాడే సిలార్ షాపుకి వచ్చాడు.

"అంకారావన్నా, ముందు చక్రం తిరిగినప్పుడల్లా టక్ మంటంది."

"కొత్త గ్రీజు గదరా. తొక్కుతా ఉండు, సర్దుకుంటది."

"ఇదివరకెప్పుడూ లేదే."

"కొత్త పెళ్లాం గజ్జెలు కట్టుకొచ్చినట్టు మోగతంది, పెళ్లికానోడివి, సంతోషించక ఏడుస్తావేంది?"

సిలార్ నవ్వి వెళ్లిపోయాడు.

ఆ ఏడు వానలకి చప్టా చివర కోసుకుపోయి గండి పడింది. మిల్లు నుంచి వస్తూ సిలార్ చక్రం అందులో దిగింది. దిట్టమైన ఇరుసైతే ఆగేది. ఇది విరిగింది. మనిషి రాళ్ల మీద తలకిందులుగా పడ్డాడు. తెల్లవారి బండ్లవాళ్లు చూసేసరికి ప్రాణం లేదు.

ఊరంతా పరుగెత్తింది. అంకారావు అందరికంటే ముందు సైకిలు దగ్గరికి చేరాడు. విరిగినచోట ఇనుము కొత్తగా, తెల్లగా మెరుస్తోంది. చక్రం సర్దుతున్నట్టు వంగి, రెండు ముక్కలూ రొంటిన దోపుకున్నాడు.

"రోజూ పోయే దారేగా. ఎట్టా పడ్డాడ్రా?" అని ఎవరో అన్నారు.

అందరూ అంకారావు వైపు చూశారు. సైకిలు సంగతి తెలిసినవాడు అతనొక్కడే. నిజం చెబితే షాపు పోతుంది, పేరు పోతుంది, జైలూ రావచ్చు. చెప్పకపోతే...

"సైకిలుకేం కాలా" అన్నాడు, గొంతు తగ్గించి. "ఈ చప్టా మీద ఏదో ఉంది. ఒకసారి నన్నూ పిలిచింది. మా అమ్మ గొంతుతో పిలిచింది. నేను పలకలా కాబట్టి బతికా."

అదీ ఆ దెయ్యం పుట్టుక.

అబద్ధానికి రోజూ మేత వెయ్యాలి. షాపుకి వచ్చినవాళ్లందరికీ అంకారావు ఇంకాస్త కలిపి చెప్పాడు. పేరు పెట్టి పిలుస్తుందన్నాడు. ఎంత ఏడ్చినా, ఎంత బతిమాలినా కదలొద్దన్నాడు. కొన్నాళ్లకు ఆ 'ఏదో'కి పేరు కూడా వచ్చింది — సిలార్.

మాబూబీ ఇంటి ముందు వేపుడు శనగలూ బొరుగులూ అమ్ముకునేది. పిల్లలు రావడం మానేశారు. ఎవరో పసివాడు తెలియక కొనుక్కుంటే, తల్లి వాడి చేతిలోంచి దులిపించి మట్టిలో పారబోసిందట, మాబూబీ చూస్తుండగానే.

ఒకరోజు మాబూబీ షాపు ముందుకొచ్చి నిలబడింది.

"నా కొడుకు ఒకరికి చెడుపు చేసి ఎరగడు గదయ్యా, అంకారావూ. దెయ్యం ఎందుకవుతాడు?"

"నాకేం తెలుసు పిన్నీ" అని, తలెత్తకుండా చువ్వలు బిగించుకుంటూ కూర్చున్నాడు.

మిరప కల్లాల రోజులు వచ్చాయి. అంకారావు ఆ ఇంగ్లీషు సైకిలెక్కి పేటకి వెళ్లాడు. టీకొట్టు దగ్గర జనం మూగారు. ఒకడు గంట కొడతాడు, ఒకడు సీటు నిమురుతాడు. పొగడ్త తీపికి పొద్దు సంగతి మరిచాడు. లేచేసరికి చీకటి పడిపోయింది.

మన ఊరి రోశయ్య అక్కడే బండి విప్పుకుని ఉన్నాడు.

"ఏరా, ఇప్పుడు పోతావా? చప్టా సంగతి ఊరందరికీ చెప్పేది నువ్వేగా."

"నాకేం భయంరా."

"అవున్లే, నువ్వూ అదీ చుట్టాలు."

అందరూ నవ్వారు. ఆ నవ్వుకి రోషపడి అంకారావు బయలుదేరాడు.

సైకిలు గాలిలా పోతోంది. డైనమో దీపం ముందు బాటను తెల్లగా పరుస్తోంది. చప్టా దగ్గరపడింది...

టక్.

అంకారావు చెవులు రిక్కించాడు. తన సైకిలు చప్పుడు చెయ్యదు. అందులో ఉన్నది అసలైన ఇరుసు. అది తనకంటే బాగా ఎవరికి తెలుసు?

టక్... టక్...

దిగాడు. ముందు చక్రం పైకెత్తి తిప్పాడు. నూనెలో తిరిగినట్టు నిశ్శబ్దంగా తిరిగింది. మళ్లీ ఎక్కాడు.

టక్... టక్... టక్...

జోరుగా తొక్కితే అదీ జోరందుకుంది. నెమ్మదిస్తే నెమ్మదించింది. పక్కన ఎవరో తోడు వస్తున్నట్టే ఉంది. ఆ చప్పుడు ఈ లోకంలో ఇద్దరికే తెలుసు. ఒకడు పోయాడు.

వినడానికి బాగా నెమ్మదించాడు. చక్రం నెమ్మదిస్తే డైనమో దీపం సన్నగిల్లుతుంది — సైకిలు షాపువాడికి ఒకరు చెప్పాలా? ఆ క్షణాన గుర్తులేదు. దీపం ఎర్రబడింది... ఆరింది. చప్టా అంచు కనపడలేదు. సైకిలుతో సహా వాగులోకి పోయాడు. ఎండిన వాగు. రాళ్లు. తొడ ఎముక విరిగింది.

వాగు పక్క కల్లంలో ఆదెయ్య మిరపకాయలకి కాపలా పడుకుని ఉన్నాడు. ఇక ఆదెయ్య చెప్పిందే చెప్తాను.

"మొదట టక్ టక్ మని వచ్చిందయ్యా. ఏదో పడ్డ చప్పుడైంది. పడ్డాక ఆగాలి గదా? ఆగలా. టక్... టక్... మంటా ఊరి వైపు పోయింది. నేను గొంగళి కప్పుకున్నా. అప్పుడు పిలిచింది. 'ఆదెయ్యా... ఆదెయ్యా...' అని. అచ్చం అంకారావు గొంతే. తెలిసినవాళ్ల గొంతుతో పిలుస్తదని అంకారావే చెప్పాడు గదా. చెవుల్లో వేళ్లు పెట్టుకున్నా."

పక్క కల్లాల వాళ్లందరినీ పేరు పేరునా పిలిచాడట. బతిమాలాడు. ఏడ్చాడు. దాహమన్నాడు. చివరికి, "ఇరుసు తీసింది నేనేరా... సిలార్‌ని చంపింది నేనేరా..." అని అరిచాడు. ఒక్క కల్లంలోనూ లాంతరు కదల్లేదు.

ఎండెక్కాక ధైర్యం తెచ్చుకుని వెళ్లి చూశారు. రక్తం పోయి మనిషి తెల్లబారి ఉన్నాడు. గుంటూరు పెద్దాసుపత్రిలో కాలు తీసేశారు.

చాలా రోజులకు కర్రల మీద తిరిగొచ్చాడు. ఇంటికి పోకుండా తిన్నగా మాబూబీ దగ్గరికి వెళ్లాడు. అంతా చెప్పాడు. ఆమె శనగలు వేయించడం ఆపలేదు.

"నాకు చెప్తే ఏముందయ్యా? నేను నా కొడుకుని దెయ్యమనలేదు గదా. ఊరికి చెప్పు" అంది.

వెళ్లి, పంచాయతీ అరుగు ముందు పదిమందినీ కూడేసి చెప్పాడు. దెయ్యం లేదన్నాడు, తానే పుట్టించానన్నాడు. సిలార్ మంచివాడన్నాడు, దొంగ తానేనన్నాడు.

జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రోశయ్య మెల్లగా అన్నాడు —

"మాట్లాడేది వాడు కాదు."

"నేనేరా, అంకారావునిరా."

"ఆ రాత్రి కూడా వీడి గొంతుతో అట్టాగే అందంట. ఆదెయ్య విన్నాడుగా." రోశయ్య గొంతు ఇంకా తగ్గించాడు. "చప్టా కాడ పట్టింది. ఇంకా వదల్లా."

భూతవైద్యుణ్ణి పిలిపించారు. అంకారావుని గొడ్డుని కట్టినట్టు గుంజకి కట్టి, వేపమండలతో కొట్టారు. నిప్పుల మీద ఎండు మిరపకాయలు పోసి ముక్కు కింద పొగబెట్టారు. మన మిరపకాయల ఘాటు నీకు చెప్పనక్కర్లేదు. ఊపిరాడక దగ్గుతూ, "నేను చెప్పింది నిజం" అన్నాడు. ఇంకో దోసెడు పోశారు. మళ్లీ నిజమే అన్నాడు. మళ్లీ పోశారు.

కోపంతో చేసిన పని కాదది. ఊరివాడు బాగుపడాలనే చేశారు.

"నువ్వెవరో చెప్పు. చెప్తే వదిలేస్తాం" అన్నాడు వైద్యుడు.

జనం వెనక మాబూబీ నిలబడి ఉంది. అంకారావు ఆమెను చూశాడు. చూస్తూనే...

"నేను సిలార్‌ని" అన్నాడు. "వీణ్ణి పట్టింది నేనే. పోతున్నా... చప్టా కాడికే పోతున్నా."

మండలు కింద పడేశారు. నిప్పుల మీద నీళ్లు చల్లారు. జనం తెరిపిన పడ్డారు. మాబూబీ ఇంటిదారి పట్టింది. మర్నాటికి ఆమె ఇంటికి తాళం ఉంది. కనిగిరి వైపు చుట్టాలున్నారని ఎవరో అన్నారు. మళ్లీ ఎవరూ చూడలేదు.

కట్లు విప్పి, రోశయ్య తన చేత్తోనే మజ్జిగ పట్టించాడు.

"ఇప్పుడెట్టా ఉందిరా?"

"బాగానే ఉంది" అన్నాడు అంకారావు.

చచ్చేదాకా ఎవరు అడిగినా ఆ మాటే అన్నాడు. పోయేముందు ఒకసారి నన్ను పిలిచి, తలుపు వేయించి, జరిగిందంతా గుసగుసగా చెప్పాడు. చెబుతున్నంతసేపూ కిటికీ వైపే చూశాడు. బయట ఎవరో మిరపకాయలు పోపు పెడితే, ఆ ఘాటుకి ఉలిక్కిపడి, రెండు చేతులతో నోరు మూసుకున్నాడు.